షట్టరు మీద కాగితం

మే 4

మామయ్యా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు కోపం రాయనీ, లేకపోతే చల్లారిపోతుంది.

మా బిల్డింగు కింద సోఫాల బాబాయ్ షాపు తెలుసుగా. పోయిన నెల సోఫాలన్నీ ఖాళీ చేశాడు. గోడలకు రంగులు వేయించాడు, నేలకి నల్ల టైల్స్ దింపాడు. ఏదో కొత్త సరుకు పెడుతున్నాడు కాబోలనుకున్నాం. నాలుగు రోజుల కిందట పొద్దున ప్రెస్సుకి పోతుంటే షట్టరు మీద పసుపు కాగితం కనిపించింది. దాని మీద మీ డిపార్ట్‌మెంటు ముద్ర. "ఈ ఆవరణలో మద్యము విక్రయించుటకు మరియు అచ్చటనే సేవించుటకు లైసెన్సు కోరబడినది. అభ్యంతరములు గలవారు ఇరవై ఎనిమిది రోజులలోగా తెలుపవలెను." సేవించుటట! డాక్టరు రాసిచ్చిన మందనుకున్నారు కాబోలు.

ఆ షాపుకి పక్క తలుపొకటుంది, అది మా మెట్ల మీదకే తెరుచుకుంటుంది. మేం రెండో అంతస్తులోకి ఎక్కేది ఆ మెట్ల మీద నుంచే. వేరే దారి లేదు.

ఆరేళ్ళు మామయ్యా! ఆరేళ్ళుగా నాన్న చుక్క ముట్టలేదు. నువ్వే కదా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్పించావు. డిపో నుంచి ఇంటికొచ్చే దారిలో రెండు బార్లున్నాయని, ఎండనక వాననక రోజూ పది నిమిషాలు చుట్టు తిరిగి వస్తాడు. నాకు చెప్పడు, నేను చూసినట్టు ఆయనకు తెలీదు. ఇప్పుడా బారు మెట్ల కిందకే నడిచొస్తోంది. ఇక ఏ దారిన చుట్టు తిరగమంటావు?

ప్రెస్సులో నేను ప్రూఫులు దిద్దిన కరపత్రాలన్నీ ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. మద్యం మనిషి చేత మనిషిని అమ్మించే వ్యాపారమనీ, దానికి లైసెన్సివ్వడమంటే దొంగతనానికి రశీదివ్వడమనీ పొల్లుపోకుండా నిరూపించాను. ముప్పై ఒక్క పేజీలొచ్చింది. దీంతోపాటు పెడుతున్నాను. నువ్వు లైసెన్సు ఇన్‌స్పెక్టరువి, నీ కలం ఒక్క గీత గీస్తే చాలు. గీస్తావుగా?

ఇక క్షేమ సమాచారాలు. నాన్న బాగున్నాడు. పసుపు కాగితం చూశాడు, చదివి పైకొచ్చేశాడు. నీ ఎడమ చెవి ఎలా ఉంది? ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అని నా ప్రాణం తీస్తావు కాబట్టే ఈ ఉత్తరాలు.

నీ టపాకాయ

*

మే 9

టపాకాయ్,

నీ కట్ట అందింది. ముప్పై ఒక్క పేజీలూ చదివాను, ఆదివారమంతా పట్టింది. పద్నాలుగో పేజీలో కళ్ళు చెమర్చాయి, ఇరవయ్యో పేజీలో మూతపడ్డాయి. తిరిగి పంపిస్తున్నాను. దీన్ని బోర్డు ముందు పెడితే ఒక్క ముక్క కూడా పరిగణనలోకి తీసుకోరు.

అంతకన్నా ముందు ఒక మాట. నీ ఉత్తరం చదివిన మర్నాడే మా పై అధికారికి రాసిచ్చాను: ఆ బిల్డింగులో మా బావ, మేనకోడలు ఉంటున్నారు, కనక ఈ ఫైలు నేను ముట్టుకోను, దీనికి వచ్చే కాగితాలేవీ చూడను అని. ఫైలు ఇంకో ఇన్‌స్పెక్టరుకి వెళ్ళింది. మేమంతా ఆయన్ని 'టేపు' అంటాం. పెళ్ళి చూపులకి కూడా జేబులో కొలత టేపుతో వెళ్ళాడని ప్రతీతి. మనిషి నిక్కచ్చి. అంతకు మించి నాకేమీ తెలీదు, తెలుసుకోను కూడా.

కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా చెప్పేది నీకూ చెప్తాను. తాగడం మంచా చెడా అని మా డిపార్ట్‌మెంటు అడగదు. అడిగే అధికారం మాకెవరూ ఇవ్వలేదు. మేం అడిగేవి నాలుగే. అక్కడ గొడవలు, నేరాలు పెరుగుతాయా? మనుషుల క్షేమానికి ముప్పుందా? ఇరుగుపొరుగుకి ఇబ్బందా? పిల్లలకి హానా? ఈ నాలుగింటిలో ఒకటి చూపించాలి, అదీ ఈ షాపు గురించి, ఈ తలుపు గురించి, ఈ మెట్ల గురించి. ప్రపంచం గురించి కాదు.

ఒళ్ళు మండుతోంది కదూ? కొత్తలో నేనూ నీలాంటి వాణ్ణే. ఒక వీధిలో బారుకి లైసెన్సడిగితే, ఆ వీధి ఆడవాళ్ళ మీద జాలితో, కొలతలు సరిపోలేదని రాసి కొట్టేయించాను. నిజానికి కొలతలు సరిపోయాయి. ఆర్నెల్లు తిరక్కుండా అదే వీధి వెనక రేకుల షెడ్డులో దొంగసారా మొదలైంది. ఇద్దరికి చూపు పోయింది. వాళ్ళలో ఒకాయన చాలా ఏళ్ళు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని బుట్టలల్లేవాడు. రోజూ ఆయన్ని దాటుకుని పైకెళ్ళేవాణ్ణి. అప్పట్నుంచీ టేపు ఎంత చూపిస్తే అంతే రాస్తాను, ఒక్క అంగుళం కూడా దయ కలపను.

వార్డు ఆఫీసులో అభ్యంతరం ఫారం ఇస్తారు. ఒకటే కాగితం. తెచ్చుకుని, మీ ఇంటికి ఏం జరుగుతుందో అది రాయి. అలంకారాలొద్దు, నిజం రాయి చాలు.

బావకి నా మాటగా చెప్పు, మోకాలికి ఆ నూనె రాయడం మానొద్దని.

మీ మామయ్య

*

మే 15

మామయ్యా,

ముట్టుకోవా? ఫైలు ముట్టుకోవా నువ్వు? నాన్న ఒళ్ళంతా కంపు కొడుతుంటే భుజాన వేసుకుని రెండంతస్తులు మోసిన వాడివి, ఒక కాగితం ముట్టుకోవడానికి భయపడ్డావా? మీ ఆఫీసులో మనిషి కన్నా మెట్టుకే విలువెక్కువని అర్థమైంది. అందరూ చేతులు కడుక్కుని శుభ్రంగా నిలబడితే, మట్టిలో చెయ్యి పెట్టేదెవరు?

సరే. నీ సాయం లేకుండానే చేశాను. వార్డు ఆఫీసుకెళ్ళాను, ఫారం తీసుకున్నాను, అక్కడే బల్ల దగ్గర నిలబడి పావుగంటలో రాసిచ్చేశాను. నీ పేరు ఎక్కడా ఎత్తలేదు, నువ్వు నాకేమవుతావో చెప్పలేదు. 'మనుషుల క్షేమం' అన్న గడిలో రాశాను. అలంకారాల్లేవు. నువ్వన్నట్టే నిజం రాశాను. ఏం రాశానో నీకు చెప్పను, నువ్వు ముట్టుకోవుగా! బోర్డు వాళ్ళు చదివి కుర్చీల్లో సర్దుకుని కూర్చోవాలి, అంతే.

మర్నాడు ఇంటికొస్తుంటే మా మెట్ల దగ్గర సోఫాల బాబాయ్ ఎదురుపడ్డాడు.

"ఏమ్మా, నా మీద కాగితం పెట్టావట?"

"మీ మీద కాదు, మీ బారు మీద."

"నేను వేరూ బారు వేరూనా? పన్నెండేళ్ళు సోఫాలమ్మాను తల్లీ. జనం వస్తారు, కూర్చుంటారు, కాళ్ళు చాపుకుంటారు, అబ్బ మెత్తగా ఉందంటారు, లేచిపోతారు. కొనరు. కూర్చోడానికే వచ్చే వాళ్ళకి ఏదో ఒకటి పొయ్యకపోతే నేనెట్టా బతకను?"

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. నవ్వితే ఓడిపోయినట్టే. "మంచినీళ్ళు పొయ్యండి" అని పైకొచ్చేశాను. మేం ఈ ఇంట్లోకి దిగినప్పుడు మాకు కుర్చీ ఒకటి ఊరికే ఇచ్చాడాయన. దాన్ని ఇప్పుడు గోడ వైపు తిప్పి పెట్టాను. నాన్న మళ్ళీ ఇటు తిప్పాడు.

నాన్నకి ఈ సంగతులేవీ చెప్పలేదు. ఆయన్ని ఎందుకు కదిలించడం? పని పూర్తయ్యాక చెప్తాను.

కోపంగానే,
నీ టపాకాయ

*

మే 24

నా టపాకాయ్,

నిన్ను తిట్టడానికి ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను. అది చింపేశాను.

మా ఆఫీసు వరండాలో నోటీసు బోర్డుంది. వచ్చిన అభ్యంతరాలన్నీ దాని మీద అంటిస్తారు, ఊళ్ళో ఎవరైనా చదవచ్చు. ఫైలు చూడనన్నాను గానీ బోర్డు చూడకూడదని ఎవరూ అనలేదు. నిన్న టీకి వెళ్తూ ఆగాను. నీ గుండ్రటి దస్తూరీ దూరం నుంచే గుర్తు పట్టాను. చదివాక టీ తాగబుద్ధి కాలేదు.

బావ ఇంత పని చేస్తాడని నేను కల్లో కూడా అనుకోలేదే. ఆరేళ్ళలో నాతో కూడా ఆ రోజుల మాట ఎత్తేవాడు కాదు. మా అక్క ఫోటో ముందు కూడా తల దించుకునే మనిషి. అలాంటివాడు తన కథ పది మందిలో పెట్టడానికి ఒప్పుకున్నాడంటే, ఎంత గుండె కావాలి! పైగా బస్సు డ్రైవరునని కూడా దాచుకోలేదు. బావకి చెప్పు, ఆయన్ని చూసి నా ఛాతీ ఉప్పొంగిందని. నువ్వు కూర్చోబెట్టి ఒప్పించి ఉంటావు. నీ నోటికి దణ్ణం.

షట్టరు మీద కూడా ఒక నకలు ఈ వారంలోనే అంటిస్తారు. నలుగురూ చదువుతారు, నాలుగు మాటలంటారు. బావని ఆ రెండు మూడు రోజులు గట్టిగా పట్టుకుని ఉండు. మొదట కష్టంగా ఉంటుంది, తర్వాత తేలికవుతుంది.

మీ మామయ్య

*

మే 27

మామయ్యా,

నాన్న ఒప్పుకోలేదు. నాన్నకి తెలీదు. నీ ఉత్తరం వచ్చేటప్పటికే షట్టరు మీద అంటించేశారు.

రాసిందంతా అంటిస్తారని నాకెవరు చెప్పారు? బోర్డు వాళ్ళు ముగ్గురు చదువుతారనుకున్నాను. మూసిన గదిలో, కళ్ళజోళ్ళు పెట్టుకుని, ముగ్గురే. నీకు తెలుసు! ఇరవై ఏళ్ళుగా అంటిస్తున్న వాడివి నువ్వు. ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ నిజాయితీ ఏమైనా అరిగిపోయేదా?

పొద్దుటి షిఫ్టు దిగి రెండింటికొచ్చాడు నాన్న. నేను ఆ రోజు ప్రెస్సుకి సెలవు పెట్టాను, కిటికీ లోంచి చూస్తున్నాను. షట్టరు ముందు ఐదారుగురున్నారు. నాన్నని చూసి పక్కకి జరిగారు. దారి ఇచ్చినట్టు. నాన్న సంచీ భుజానే ఉంచుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మొదటి నుంచి చదివాడు. ఏం రాశానో నీకు తెలుసుగా. "మా నాన్న ఒకప్పుడు తాగుబోతు. రోడ్డు మీద పడి ఉంటే మోసుకొచ్చేవాళ్ళం. ఆరేళ్ళుగా మానేశారు. ఆయన సిటీ బస్సు నడుపుతారు, రోజూ వందల మంది ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి. ఈ తలుపు వల్ల ఆయన మళ్ళీ తాగితే ఆ పాపం ఈ లైసెన్సుది." రాసేటప్పుడు అబ్బ ఎంత బాగా కుదిరిందీ అనుకున్నాను మామయ్యా. అలా అనుకున్నాను నేను.

పైకొచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. "అక్షరాలు బాగా గుండ్రంగా రాశావు" అన్నాడు. గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

మర్నాడు డిపోలో స్టీరింగు ముట్టనివ్వలేదు. ఉద్యోగంలో చేరినప్పుడు ఫారంలో 'మద్యం అలవాటు' అన్న చోట 'లేదు' అని రాశాడట. అప్పటికి మూడేళ్ళయింది మానేసి. అబద్ధమేం రాయలేదు కదా? కానీ ఎవరో కాగితాన్ని ఫోటో తీసి డిపో మేనేజరుకి చూపించారు. డాక్టరు సర్టిఫికెట్ వచ్చేదాకా బస్సులు కడగమన్నారు. చీపురూ బక్కెట్టూ ఇచ్చి.

నీ ఛాతీ ఉప్పొంగిందని ఆయనకి నేనెలా చెప్పను?

సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

*

జూన్ 1

తల్లీ,

టపాకాయ్ అని పిలవడానికి ఇవాళ నాకు నోరు రావడం లేదు.

నువ్వన్నది నిజం. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా, ముసలైనా పడుచైనా, ఫారం చేతికిస్తూ "వెనక్కి తిప్పి చదవండి" అంటాను. ఇరవై ఏళ్ళుగా అదే మాట. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది: మీరు రాసినది మీ పేరుతో సహా బహిరంగంగా ప్రకటించబడును, లైసెన్సు కోరినవారికి నకలు ఇవ్వబడును అని. నీకు మాత్రం ఆ మాట అనలేదు. పొద్దస్తమానం ప్రూఫులు దిద్దే పిల్ల, కామా తప్పితే పట్టేసే పిల్ల, కాగితం వెనక్కి తిప్పకుండా ఉంటుందా అనుకున్నాను. రాసింది పంపించు చూస్తాను అని కూడా అనలేదు, ఫైలు కాగితం చూడనని రాసిచ్చాను కదా మరి. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. వాటిని చూసుకుంటుంటే అసహ్యమేస్తోంది.

ఎందుకు అంటిస్తారని అడుగుతావు. చాటుగా రాసిన కాగితాలతో ఎవరి కడుపైనా కొట్టచ్చు కనక. నీ మీద ఎవరైనా రాస్తే, అదేమిటో నీకు తెలియాలి కదా. రూలు మంచిదే. మంచి రూలు కిందా మనుషులు నలుగుతారు, ఇది నాకు కొత్తగా తెలిసింది కాదు గానీ, మా వాళ్ళే నలగడం కొత్త.

ఒక దారుంది. విచారణకి రెండు రోజుల ముందు దాకా అభ్యంతరం వెనక్కి తీసుకోవచ్చు. అంటే పదో తారీకు సాయంత్రం ఐదు దాకా. ఒక వాక్యం రాసి సంతకం చేస్తే చాలు, రెండు చోట్లా కాగితం పీకేస్తారు, విచారణలో ఎవరూ చదవరు. కానీ ఆ బిల్డింగులో ఉండేవాళ్ళలో రాసింది నువ్వొక్కదానివే. వెనక్కి తీసుకుంటే పక్క తలుపు గురించి అడిగే దిక్కుండదు.

నేను చెప్పను. ఈసారి బావనడుగు. ముందే అడగాల్సింది, నువ్వూ, నేనూ.

మీ మామయ్య

*

జూన్ 7

మామయ్యా,

అడిగాను.

పదకొండు రోజులుగా నాన్న నాతో మాట్లాడింది అన్నం, నీళ్ళు, తాళం, అంతే. బస్సులు కడిగి కడిగి వేళ్ళు నానిపోయి వస్తున్నాడు. నేను విత్‌డ్రా కాగితం రాసుకుని, సంతకం కూడా పెట్టి, ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. ఈసారి వెనక్కి కూడా తిప్పి చూశాడు, ఖాళీయే.

"ఇది ఇస్తే పీకేస్తారా?"

"పీకేస్తారు నాన్నా. రెండు చోట్లా."

"చదివిన వాళ్ళ బుర్రల్లోంచి కూడా పీకేస్తారా?"

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇమ్మనలేదు, వద్దనలేదు. ఇంకో మూడు రోజుల్లో గడువు అయిపోతుంది, అది ఇంకా ఆయన జేబులోనే ఉంది.

ఇంకోటి చెప్పాలి నీకు. ఇది ఎవరికీ చెప్పుకోలేనిది. నిన్న ఆయన నీళ్ళు తాగి గ్లాసు గట్టు మీద పెట్టి స్నానానికెళ్ళాడు. నేను ఆ గ్లాసు తీసి వాసన చూశాను. ఎందుకు చూశానో తెలీదు, చెయ్యి దానంతటదే లేచింది. తల ఎత్తేసరికి గుమ్మంలో ఉన్నాడు, తువ్వాలు మర్చిపోయి వచ్చాడు. చూశాడు. నా చేతిలో గ్లాసు తీసుకుని, కడిగి, బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ బారు ఇంకా తెరవనే లేదు మామయ్యా. దాని పని నేనే మొదలుపెట్టేశాను.

నీ మేనకోడలు

*

జూన్ 10

తల్లీ,

గ్లాసు వాసన నేనూ చూశాను. మొదటి ఏడాదంతా చూశాను. నన్నూ పట్టుకున్నాడు ఒకసారి. "చూడు బావమరిదీ, చూసుకో, నీకైనా నిద్ర పడుతుంది" అన్నాడు.

పన్నెండున మీ వార్డు హాల్లో విచారణ. నేను రాకూడదు, ఆ రోజు నన్ను వేరే ఊరు తనిఖీకి పంపుతున్నారు. నాకు తెలిసింది రెండు ముక్కలు. లాయరు రెచ్చగొడతాడు, రెచ్చిపోకు. బోర్డు మధ్యలో ఒక పెద్దావిడ కూర్చుంటుంది, ఆవిడ అడిగిందానికి మాత్రమే జవాబు చెప్పు. కరపత్రాలు ఇంట్లో పెట్టి వెళ్ళు.

కాగితం ఇచ్చారో లేదో నేను కనుక్కోలేదు. నువ్వే రాయి.

మీ మామయ్య

*

జూన్ 13

మామయ్యా,

కాగితం ఇవ్వలేదు. గడువు రోజు సాయంత్రం ఐదు దాటాక దాన్ని జేబులోంచి తీసి నా బల్ల మీద పెట్టి, "ఇది నీది" అన్నాడు. అంతే. విచారణకి వస్తావా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

వార్డు హాలు అంటే పెళ్ళిమంటపంలా ఉంటుందనుకున్నాను. బడి గదిలా ఉంది. మూడు కుర్చీలు, ఒక బల్ల, గోడకి ఆగిపోయిన గడియారం. నీ 'టేపు' నిజంగానే టేపుతో వచ్చాడు. పక్క తలుపుకీ మా మొదటి మెట్టుకీ మధ్య మూడడుగుల రెండంగుళాలు అని చదివాడు. సోఫాల బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

లాయరు లేచాడు. నా కాగితం మొత్తం చదివాడు, పాఠం అప్పజెప్పినట్టు. 'తాగుబోతు' దగ్గర కాస్త ఆగి చదివాడు. తర్వాత అన్నాడు: "ఈ అమ్మాయి రాసింది తన సంగతి కాదు, తండ్రి సంగతి. ఆ తండ్రి అభ్యంతరం చెప్పలేదు, ఇక్కడికి రాలేదు. పరోక్షంలో ఎవరో మూడో మనిషి గురించి చెప్పిన మాటకి విలువేముంది?"

నాకు రక్తం నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను. నువ్వు చెప్పిందంతా మర్చిపోయాను, 'దొంగతనానికి రశీదు' అన్న మాట నోటి దాకా వచ్చేసింది. అప్పుడు వెనక నుంచి వినిపించింది.

"ఆ మూడో మనిషిని నేనే."

డిపో నుంచి నేరుగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఎప్పుడొచ్చి వెనక వరసలో కూర్చున్నాడో చూడనే లేదు.

పెద్దావిడ ముందుకి రమ్మంది. "మీ అమ్మాయి రాసింది నిజమేనా?"

"ఒక తప్పుందండీ. ఆరేళ్ళని రాసింది. ఆరేళ్ళ నాలుగు నెలలు. అది సరిదిద్దుకోండి."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ నిజంగానే కలం తీసి దిద్దింది.

"మీకేం కావాలి? లైసెన్సు ఇవ్వద్దంటారా?"

ఇవ్వద్దంటాడనే ఎదురుచూస్తున్నాను. నాన్న సోఫాల బాబాయ్ వైపు చూశాడు.

"ఇవ్వద్దనే మొహం నాకు లేదండీ. ఈ ఊళ్ళో సగం బార్లు నేను నిలబెట్టినవే. ఆయన కూడా బతకాలి. నాకు ఆ పక్క తలుపొద్దు. ముందు నుంచి వచ్చేవాడు కావాలని వస్తాడు. నేను ఇంటికి పోతూ ఆ తలుపు ముందు నుంచి పోవాలి, రోజూ, పొద్దునొకసారి మధ్యాహ్నమొకసారి. ఇంచుమించు అన్ని రోజులూ దాటిపోతాను. ఒక్క రోజు దాటలేకపోతాను. అది ఏ రోజో నాకు తెలీదండీ. తెలిస్తే ఆ రోజుకి సెలవు పెట్టుకునేవాణ్ణి. తెలీదు కాబట్టి తలుపు అడుగుతున్నాను."

లాయరు ఏదో అనబోతే పెద్దావిడ చెయ్యెత్తింది. పది నిమిషాలు లోపలికెళ్ళి వచ్చారు. లైసెన్సు ఇచ్చారు. షరతులతో. పక్క తలుపు ఇటుకలతో మూసెయ్యాలి. రాత్రి తొమ్మిదికి కట్టెయ్యాలి. మెట్ల మీద, మెట్ల ముందు ఎవరూ గ్లాసుతో నిలబడకూడదు. తప్పితే లైసెన్సు మళ్ళీ బోర్డు ముందుకొస్తుంది.

ఓడిపోయాననిపించింది మామయ్యా. ముప్పై ఒక్క పేజీలు రాసిన దాన్ని, ఒక తలుపుతో సరిపెట్టుకోవడమా! దారిలో నాన్నతో అనేశాను కూడా, "అడిగితే మొత్తం ఆపేసేవాళ్ళు, ఎందుకడగలేదు?" అని. నడుస్తూనే అన్నాడు: "నువ్వు బారు మీద యుద్ధం చేస్తున్నావు. నేను నా ఇంటికి పోవాలనుకుంటున్నాను. రెండూ ఒకటి కాదు." మలుపు తిరిగాక, "నా గురించి ఇంకెప్పుడైనా రాయాలనిపిస్తే నాకు చూపించి రాయి" అన్నాడు.

పదహారు రోజుల్లో ఆయన నాతో మాట్లాడిన పెద్ద మాట అది. తిట్టాడో క్షమించాడో నాకింకా తెలీదు.

నీ టపాకాయ

*

జూలై 19

మామయ్యా,

ఆలస్యానికి కారణం చివర్లో రాస్తాను.

తలుపు మూసేశారు. మేస్త్రీ ఇటుకలు పేరుస్తుంటే సోఫాల బాబాయ్ పక్కనే నిలబడి చూశాడు. నేను మెట్లెక్కుతుంటే "నీ కాగితం ఖరీదు మూడొందల ఇటుకలమ్మా" అన్నాడు. ఈసారి నవ్వేశాను. ఆయనా నవ్వాడు గానీ, ఇద్దరం త్వరగానే ఆపేశాం. సోమవారం బారు తెరిచాడు. లోపల కూర్చోడానికి మిగిలిపోయిన సోఫాలే వేశాడు. తొమ్మిదికి కట్టేస్తున్నాడు. మూడు రోజులు కిటికీ లోంచి గడియారం పట్టుకుని చూశాను, నాలుగో రోజు నాకే సిగ్గేసి మానేశాను.

డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. నాన్న మళ్ళీ బస్సెక్కాడు. కానీ ఒక షరతు పెట్టారు. బోర్డు పెట్టిన షరతులన్నీ బారుకి, ఈ ఒక్కటీ నాన్నకి. రోజూ డ్యూటీ ఎక్కే ముందు మేనేజరు గది ముందు గొట్టంలో ఊదాలి. డ్రైవర్లందరి ఎదురుగా. మొదటి రోజు ఆలస్యమవుతుందని టిఫిను డబ్బా ఇవ్వడానికి వెళ్ళి చూశాను. వరసలో ఉన్నవాళ్ళు వేరే వైపు చూస్తూ నిలబడ్డారు, చిన్నపిల్లాడు బట్టలు మార్చుకుంటుంటే పెద్దవాళ్ళు మొహం తిప్పుకున్నట్టు. నాన్న ఊదాడు, మిషను మీద సున్నా వచ్చింది, "సున్నా" అని గుమాస్తా గట్టిగా చదివాడు, రాసుకున్నాడు. ఎంత కాలం అని అడిగితే "రిటైరయ్యే దాకా" అన్నారట. ఇది నేను చేసిన పని. దీనికి విత్‌డ్రా కాగితం లేదు.

ఆ రోజు బస్సు తీసే ముందు నాన్న నా దగ్గరికొచ్చి
▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬▬
డబ్బా తీసుకుని వెళ్ళాడు.

ఇంటికొచ్చే దారి మాత్రం మార్చలేదు. ఇంకా ఆ పది నిమిషాలు చుట్టు తిరిగే వస్తాడు. మా బిల్డింగు దగ్గరికొచ్చాక చుట్టు తిరగడానికేమీ ఉండదు కదా, అక్కడ కాస్త వేగంగా నడుస్తాడు. నేను పై నుంచి చూడను. మెట్ల మీద చప్పుడు వింటాను, అంతే. చివరి మెట్టు దగ్గర చప్పుడు మామూలుగా ఉంటే, ఆ రోజు అయిపోయినట్టు.

నిన్ను అన్న మాటలకి ఏం చెప్పాలో తెలీక రాయడం లేదు. నువ్వు చెప్పకపోవడం, నేను వెనక్కి తిప్పకపోవడం, రెండూ కలిసి అంత పని చేశాయి. అందులో నా వాటా పెద్దది, అది నేనే ఉంచుకుంటాను.

ఇక ఆలస్యానికి కారణం. ఈ ఉత్తరం రాసి నాలుగు రోజులైంది. నాన్నకి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, వెనక్కి తిప్పి, నా కలం అడిగాడు. డిపోలో ఆయన నాతో అన్న మాట దగ్గర గీత కొట్టి, మిగతాది పంపించుకోమన్నాడు.

వెలుతురుకి పెట్టి చదవాలని చూడకు మామయ్యా. నాన్న గీత పల్చగా ఉంటే, దాని మీద నేను ఇంకోసారి కొట్టాను.

నీ టపాకాయ